టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది, ఇంజిన్ మాత్రం ఉడుకుతోంది: పాత బీఎండబ్ల్యూని ఫోన్‌తో చదవడం ఎలా?

మీ డ్రాయర్‌లో వాడకుండా పడేసిన ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి ఉండే ఉంటుంది. బ్యాటరీ సగం రోజు రాదు, స్క్రీన్ మూల పగిలింది, అయినా అమ్మబుద్ధి కాదు. నా దగ్గరున్న అలాంటి ఫోన్ ఒకటి రెండేళ్ళుగా 2002 మోడల్ బీఎండబ్ల్యూ 325ఐ డ్యాష్‌బోర్డ్ మీద బతుకుతోంది. అది లేకపోతే ఈపాటికి నా కారు తుక్కులో ఉండేది.

నేను ఉండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర. ఇక్కడ పాత కారు కొనుక్కుని సొంతంగా బాగుచేసుకోవడం చాలామందికి శనివారం పని. లిఫ్టు, పనిముట్లు గంటల లెక్కన అద్దెకిచ్చే గ్యారేజీలు ఉంటాయి, మన పని మనమే చేసుకోవచ్చు. నేనూ అలాగే దిగా. అందరిలాగే నా మొదటి ఆలోచన కూడా కారు కిందికి దించాలి, పెద్ద వీల్స్ వెయ్యాలి అనే. సస్పెన్షన్ కిట్ కార్ట్‌లో పెట్టేశా కూడా. డబ్బులు కట్టకముందే ఒక ఘాట్ రోడ్డు అడ్డొచ్చింది.

స్టుట్‌గార్ట్ నుంచి ఉల్మ్ వైపు వెళ్ళే ఏ8 ఆటోబాన్ మీద డ్రాకెన్‌ష్టైన్ దగ్గర పెద్ద ఎక్కుడు ఉంటుంది. ఆగస్టు మధ్యాహ్నం, కారులో నలుగురం, ఏసీ ఆన్‌లో ఉంది. ముందు రోజే పది యూరోల డాంగిల్ ఒకటి వచ్చింది, సరదాగా ఫోన్‌కి కలిపి పెట్టా. ఎక్కుతుంటే ఫోన్‌లో అంకె 97, 101, 104 అని పెరుగుతోంది. మీటర్‌లో ముల్లు మాత్రం సరిగ్గా మధ్యలో, వెంట్రుక కూడా కదల్లేదు. డాంగిల్ చెత్తది, తప్పు చూపిస్తోంది అనుకున్నా. 109 దగ్గర ధైర్యం చాల్లేదు. ఏసీ ఆపేసి, హీటర్ ఫుల్ పెట్టి, కిటికీలు దించి, మొదట కనబడిన పార్కింగ్‌లో ఆపా. బానెట్ ఎత్తితే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ అతుకు పొడవునా తెల్లటి మరక, దాని కింద తడి. ఇంజిన్ చల్లారాక పోస్తే లీటరున్నర నీళ్ళు పట్టింది. తప్పు చెప్పింది డాంగిల్ కాదు, ముల్లు.

ముల్లు ఎందుకు కదల్లేదు?

అది పాడైపోలేదు. దాన్ని తయారుచేసిందే అలా. ఈ మోడల్‌ని కంపెనీ లోపలి పేరుతో ఈ46 అంటారు. ఇందులో కూలెంట్ సుమారు 75 డిగ్రీల నుంచి 115 డిగ్రీల దాకా ఎక్కడున్నా ముల్లు నడిమధ్యనే నిలబడుతుంది. మామూలు డ్రైవింగ్‌లో వేడి పెరగడం తగ్గడం సహజం, ప్రతి కదలికకీ ఓనర్ కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తకుండా ముల్లుని సాఫ్ట్‌వేర్‌తో కట్టిపడేశారు. కొత్త కారుకి ఇబ్బంది లేదు. ఇరవై ఏళ్ళ కారులో మాత్రం ముల్లు కదిలే సమయానికి చాలాసార్లు పని అయిపోయి ఉంటుంది.

పని అయిపోవడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. నా కారులో ఉన్నది ఎం54 ఇంజిన్, 2.5 లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు, 192 హార్స్‌పవర్. నా లెక్కలో బీఎండబ్ల్యూ చేసిన మంచి ఇంజిన్లలో ఇదొకటి. కానీ దీని బ్లాక్ అల్యూమినియం. గట్టిగా ఓవర్‌హీట్ అయితే హెడ్ బోల్టులు బిగిసి ఉండే మరలు బ్లాక్‌లోంచి ఊడొస్తాయి. అప్పుడు గాస్కెట్ ఒక్కటి మార్చి సరిపెట్టలేం, హెడ్ విప్పి ఒక్కో బోల్టు రంధ్రంలో కొత్త మర వెయ్యాలి. ఆ మజూరీతో ఇంకో కారు వస్తుంది.

ఇంకో తమాషా. నిజమైన అంకె చూపించే ఏర్పాటు ఈ కారులోనే దాచిపెట్టి ఉంది. తాళం మొదటి స్థానంలో పెట్టి, మీటర్ మీది ట్రిప్ రీసెట్ బటన్ నొక్కి పట్టుకుంటే టెస్ట్ మెనూ వస్తుంది. 19వ టెస్టులో లాక్ తియ్యాలి, చాసిస్ నంబర్ చివరి ఐదు అంకెలు కూడితే వచ్చేదే దాని కోడ్. తర్వాత 7వ టెస్టులోకి వెళ్తే కేటీఎంపీ అని కూలెంట్ వేడి డిగ్రీల్లో కనిపిస్తుంది. డాంగిల్ కొనకుండానే ఈ రోజు సాయంత్రం చూసుకోవచ్చు. చిక్కల్లా, ఇంజిన్ ఆపి మళ్ళీ తీసిన ప్రతిసారీ మెనూలోకి కొత్తగా వెళ్ళాలి, హద్దు దాటితే అలారం కొట్టదు. అందుకే ఫోన్.

ఏ డాంగిల్, ఏ యాప్?

డ్రైవర్ కాళ్ళ దగ్గర, డ్యాష్ అడుగున చిన్న మూత ఉంటుంది. తీస్తే 16 పిన్నుల ఓబీడీ సాకెట్. యూరప్‌లో 2001 నుంచి కొత్త పెట్రోల్ కార్లన్నిటికీ ఇది తప్పనిసరి, కాబట్టి నా కారు అదృష్టవంతురాలే.

డాంగిల్‌లో ఉండే ఈఎల్ఎం327 అనే చిప్ కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసింది. మొదటి వెర్షన్‌కి కాపీ రక్షణ పెట్టలేదు, దాంతో నకళ్ళు ప్రపంచమంతా పరుచుకున్నాయి. డబ్బా మీద వెర్షన్ 1.5 అని రాసి ఉంటే అది నకలే, ఎందుకంటే అసలు కంపెనీ 1.5 అనే వెర్షన్‌ని ఎప్పుడూ విడుదల చెయ్యలేదు. అలాగని నకలు వెంటనే పారెయ్యక్కర్లేదు. నా పది యూరోలదీ నకలే, కొండ మీద నన్ను ఆపింది అదే. అయితే కొన్ని నకళ్ళు పాత కార్ల ప్రోటోకాల్ దగ్గర చేతులెత్తేస్తాయి, కనెక్ట్ అయినట్టే అయి ఊడిపోతాయి. తర్వాత నేను ఓబీడీలింక్ తీసుకున్నా. ఆ గొడవ తీరింది. ఐఫోన్ వాడేవాళ్ళకి ఒక మాట: చవక డాంగిళ్ళలో ఉండే పాత రకం బ్లూటూత్ ఐఫోన్‌తో పని చెయ్యదు. బ్లూటూత్ ఎల్ఈ లేదా వైఫై ఉన్నది చూసి కొనండి.

స్పీడ్ గురించి ఆశలు పెట్టుకోకండి. ఈ46 మాట్లాడేది కే లైన్ అనే ఒకే తీగ మీద, సెకనుకి 10,400 బిట్లు. 2007 తర్వాతి బీఎండబ్ల్యూల్లో ఓబీడీ సాకెట్ దగ్గర ఉండే క్యాన్ బస్ సెకనుకి 5 లక్షల బిట్లు పంపుతుంది. అందుకే యాప్‌లో పది గేజ్‌లు పేర్చుకుని అందంగా డ్యాష్‌బోర్డ్ చేసుకుంటే ఒక్కోటీ మూడు నాలుగు సెకన్లకోసారి కదులుతుంది. నా స్క్రీన్ మీద మూడే ఉంటాయి: కూలెంట్ వేడి, బ్యాటరీ వోల్టేజ్, లోపలికొచ్చే గాలి వేడి. టార్క్ అయినా కార్ స్కానర్ అయినా సరిపోతుంది. 105 దగ్గర మాటలతో అలర్ట్, 110 దగ్గర పెద్ద బీప్ పెట్టుకున్నా. స్క్రీన్ చూస్తూ డ్రైవ్ చెయ్యక్కర్లేదు, చెవులు చాలు. ఫోన్ మాత్రం హోల్డర్‌లో ఉండాలి. ఇక్కడ నడుపుతూ చేత్తో పట్టుకుంటే ఫైన్.

అంకెలు ఎక్కడినుంచి వస్తాయో తెలిస్తే యాప్‌ల మీద గుడ్డి నమ్మకం పోతుంది, అనవసరమైన అనుమానమూ పోతుంది. యాప్ 05 అనే నంబరుతో కూలెంట్ వేడి అడుగుతుంది. కారు ఒక్క బైట్ పంపుతుంది. అందులోంచి 40 తీసేస్తే డిగ్రీలు. 137 వస్తే 97 డిగ్రీలన్నమాట. మధ్యలో ఎవరూ అంకెని సర్దరు, మీటర్‌కీ దీనికీ తేడా అదే.

అంకెల్ని అర్థం చేసుకోవడం

కొత్తగా డాంగిల్ పెట్టినవాళ్ళు 97 చూసి హడలిపోతారు. ఈ ఇంజిన్‌కి 97 మామూలు. థర్మోస్టాట్‌లోని మైనం దానంతటది కరిగి తెరుచుకునేదే 97 దగ్గర, నిదానంగా వెళ్ళేటప్పుడు వేడిగా ఉంటే పెట్రోల్ కలిసొస్తుందని అలా పెట్టారు. అదే థర్మోస్టాట్‌లో చిన్న హీటర్ కూడా ఉంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఈసీయూ ఆ హీటర్‌కి కరెంట్ ఇచ్చి ముందే తెరిపిస్తుంది, వేడి 80ల్లోకి దిగుతుంది. అంటే ఆరోగ్యంగా ఉన్న ఈ46లో కొండ ఎక్కేటప్పుడు అంకె తగ్గాలి. నాది పెరిగింది. ఆ రోజే ఆ సంగతి తెలిసి ఉంటే 101 దగ్గరే ఆపేసేవాణ్ణి.

హైవే మీద ఎంతసేపు పోయినా 80 దాటకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిందని అనుమానించాలి. ప్రమాదం లేదు గానీ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. ఆగి ఉన్న ట్రాఫిక్‌లో పెరిగి, కదలగానే తగ్గితే ఫ్యాన్ వైపు చూడండి. స్పీడ్‌లో, ఎక్కుడులో పెరిగితే నీళ్ళు తక్కువైనా ఉండాలి, పంప్ తిరగకపోయినా ఉండాలి, రేడియేటర్ పూడుకుపోయైనా ఉండాలి.

అన్నిటికన్నా మోసం చేసేది ఇంకోటి ఉంది. వేడి పెరుగుతూ పెరుగుతూ హఠాత్తుగా 70కి పడిపోయిందనుకోండి, హమ్మయ్య అనుకోకండి. సెన్సర్ నీళ్ళలో మునిగి ఉంటేనే నిజం చెప్తుంది. కూలెంట్ అంతా కారిపోతే అది గాలిలో వేలాడుతూ తక్కువ చూపిస్తుంది. అలా ఉన్నట్టుండి పడితే వెంటనే ఇంజిన్ ఆపెయ్యాలి. అలారం దీనికి మోగదు.

నేను మార్చినవి

ట్యాంక్ ఒక్కటే మార్చి ఊరుకుందామనిపించింది, ఒప్పుకుంటా. కానీ ట్యాంక్, రేడియేటర్ మెడలు, థర్మోస్టాట్ హౌసింగ్, పైపుల చివర్లు అన్నీ ప్లాస్టిక్కే, అన్నీ ఒకే ఈడువి. ఒకటి కొత్తది వేస్తే ప్రెషర్ నిలబడి తర్వాతి బలహీనమైనది పగులుతుంది. పాత వాటర్ పంపుల్లో లోపలి రెక్కల చక్రం కూడా ప్లాస్టిక్‌ది వచ్చేది, అది విరిగితే బయటికి చుక్క కారదు, నీళ్ళు తిరగడం మాత్రం ఆగిపోతుంది. సస్పెన్షన్ కిట్‌ని కార్ట్‌లోంచి తీసేసి రేడియేటర్, ట్యాంక్, మూత, పంప్, థర్మోస్టాట్, రెండు పెద్ద హోసులు, బెల్టులు పెట్టా.

పార్ట్ నంబర్లు రియల్‌ఓఈఎం అనే కేటలాగ్‌లో చాసిస్ నంబర్ చివరి ఏడు అక్షరాలు కొడితే బొమ్మతో సహా వస్తాయి. ఆ నంబర్‌తో అసలు సప్లయర్ సరుకు వెతకండి. బెహర్ రేడియేటర్ డబ్బాలో వచ్చిన దాని మీద బీఎండబ్ల్యూ గుర్తు గీకేసి ఉంది. అదే ఫ్యాక్టరీ, అదే అచ్చు, షోరూమ్ ధర మాత్రం కాదు.

పని ఒక శనివారం మొత్తం పట్టింది. మాన్యువల్ గేర్ కారు కాబట్టి ఫ్యాన్ పంప్ మీదే ఉంటుంది, 32 మిల్లీమీటర్ల నట్టు, ఎడమ మర. మామూలుగా విప్పే దిశలో అరగంట లాగి చేతులు నొప్పి పుట్టాక గుర్తొచ్చింది. మీరు ఆ అరగంట మిగుల్చుకోండి. కూలెంట్ నీలం రంగుది, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. నింపేటప్పుడు తాళం రెండో స్థానంలో, హీటర్ వేడి ఫుల్, ఫ్యాన్ స్పీడ్ తక్కువ. ట్యాంక్ మూత పక్కన ఉండే బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలు రావడం ఆగేదాకా నిదానంగా పొయ్యాలి. ఆ స్క్రూ కూడా ప్లాస్టిక్కే, బలం చూపించకండి. మూత మాత్రం వేడి ఇంజిన్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ తియ్యొద్దు.

ఈ కారు కొన్న వారానికే ఒక వర్క్‌షాప్‌లో కూలింగ్ చూడమని ఇచ్చా. ముల్లు మధ్యలోనే ఉంది, ట్యాంక్‌లో నీళ్ళున్నాయి, అంతా బాగుంది అని కాగితం మీద టిక్కు పెట్టి ఇచ్చారు. వాళ్ళని తిట్టుకున్నా గానీ, నేనూ రోజూ చూసింది ఆ ముల్లునే కదా. ట్యాంక్ అడుగున నీటి మట్టం చెప్పే సెన్సర్ ఉంటుంది, నాదాంట్లో దాని తేలుడు బొడిపె ఇరుక్కుపోయింది, కాబట్టి లైటూ వెలగలేదు.

ఫ్యూయెల్ ట్రిమ్

వేడి సంగతి తేలాక యాప్‌లో రెండో పేజీ తెరిచా. ఈ ఇంజిన్‌లో మొదటి మూడు సిలిండర్లు ఒక బ్యాంక్, తర్వాతి మూడు ఇంకో బ్యాంక్. ఒక్కోదానికి లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ అని శాతం కనిపిస్తుంది. సున్నాకి దగ్గరగా ఉంటే మంచిది. ప్లస్ అంటే పెట్రోల్ చాలడం లేదని ఈసీయూ అదనంగా పోస్తోందని అర్థం. నాకు ఐడిల్‌లో రెండు వైపులా ప్లస్ 14. చెక్ ఇంజిన్ లైట్ ఇంకా రాలేదు. వచ్చి ఉంటే పీ0171, పీ0174 అనే జంట కోడ్‌లు వచ్చేవి, చాలామంది ఆ కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సర్లు మార్చేసి డబ్బులు తగలేస్తారు.

బండి నిలబెట్టి, ఇంజిన్‌ని 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం ఉంచి చూడండి. ప్లస్ 14 కాస్తా 3కో 4కో దిగితే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి వస్తోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చేదే తక్కువ, అందులో దొంగ గాలి వాటా పెద్దది. రెవ్స్ పెరిగితే ఆ వాటా చిన్నదైపోతుంది. దానికి తిరగబడి, లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ పెరిగితే ఎయిర్ ఫ్లో సెన్సర్‌నో పెట్రోల్ పంప్‌నో అనుమానించాలి. నాకు దిగింది. ఇన్‌టేక్ దగ్గరి రబ్బర్ మడత పైపు కింది వైపు చీలింది, పైనుంచి చూస్తే కనబడదు, వేళ్ళతో తడిమితే దొరికింది. పైపు మార్చాక రెండు బ్యాంకులూ ప్లస్ 2. బండి తీరే మారింది. చిప్ ట్యూనింగ్ చేయించినా అంత తేడా తెలిసేది కాదు, టర్బో లేని ఇంజిన్‌కి దాంతో వచ్చేది చాలా తక్కువ.

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లాంటివాటి లోపలికి ఈ డాంగిల్ వెళ్ళలేదు. దానికి కే ప్లస్ డీక్యాన్ అనే యూఎస్‌బీ కేబుల్, లాప్‌టాప్‌లో ఇన్పా, లేదా ఆండ్రాయిడ్‌లో డీప్ ఓబీడీ కావాలి. ఈ46కి ఆ కేబుల్‌లో 7, 8 పిన్నులు కలిసి ఉండాలి, 2007 తర్వాతి కార్లకి విడిగా ఉండాలి, కాబట్టి స్విచ్ ఉన్న కేబుల్ కొనండి. చదవడం వరకూ నిశ్చింతగా చెయ్యండి. కోడింగ్, ఫ్లాషింగ్ జోలికి మాత్రం బలహీనమైన బ్యాటరీతో వెళ్ళొద్దు, మధ్యలో వోల్టేజ్ పడితే మాడ్యూల్ చచ్చిపోతుంది.

హైదరాబాద్‌లో పాత బీఎండబ్ల్యూ ఉంటే?

మా బావమరిదికి 2010 320డీ ఉంది, ఈ90 అంటారు, మన చెన్నై ప్లాంట్‌లో వచ్చిన తరం. నా కథ చెప్తే, "బావా, నా కారులో అసలు ఆ ముల్లే లేదు" అన్నాడు. నిజమే, ఈ90 మీటర్‌లో కూలెంట్ ముల్లుని పూర్తిగా తీసేశారు, ఎర్ర లైట్ ఒక్కటే. కాబట్టి డాంగిల్ అవసరం వాడికే ఎక్కువ. క్యాన్ బస్ కాబట్టి అంకెలు చకచకా వస్తాయి. మే నెల ఎండలో, సిగ్నల్స్ దగ్గర ఆగి ఆగి వెళ్ళే రోడ్ల మీద ఒక వారం అంకెలు రాసుకోమన్నా. దానికన్నా ముందు కూలెంట్‌లో ఏం పోస్తున్నారో కనుక్కోమన్నా. బోరు నీళ్ళు పోస్తే ఉప్పు పేరుకుని రేడియేటర్ సన్న గొట్టాలు పూడిపోతాయి. బ్యాటరీ మారిస్తే ఈ90లో కొత్తదాన్ని సాఫ్ట్‌వేర్‌తో రిజిస్టర్ చెయ్యాలి, లేకపోతే కారు పాత బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తుంది. వాడి డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, అది సాగితే ముందుగా ఫోన్‌కి ఏమీ తెలియదు. ఉదయం చల్లగా స్టార్ట్ చేసినప్పుడు వెనక వైపు నుంచి గరగరమనే శబ్దం వస్తోందేమో చెవి పెట్టి వినాల్సిందే.

మాడిఫికేషన్ విషయంలో మాత్రం అక్కడికీ ఇక్కడికీ చాలా తేడా. జర్మనీలో సస్పెన్షన్ దించొచ్చు, వీల్స్ మార్చొచ్చు. ఆ పార్ట్‌కి పరీక్షా పత్రం ఉండాలి, బిగించాక ట్యూఫ్ లాంటి సంస్థలో ఇంజనీర్ చూసి సంతకం పెట్టాలి, చాలావాటిని బండి కాగితాల్లో ఎక్కించాలి. లేకపోతే రోడ్డు మీద తిరిగే అనుమతే రద్దయ్యే ప్రమాదం ఉంది. రెండేళ్ళకోసారి జరిగే తనిఖీలో కూడా పట్టుకుంటారు. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చి ఆర్‌సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వీడియోల్లో చూసినవన్నీ చేయించకండి.

మొన్న మేలో మళ్ళీ అదే ఎక్కుడు ఎక్కా. మళ్ళీ నలుగురం, ఏసీ ఆన్. కింద 96 ఉంది, సగం దూరంలో 90, పైకి చేరేసరికి 86. ముల్లు యథాప్రకారం మధ్యలోనే. సస్పెన్షన్ కిట్ ఈ నెల వచ్చింది, ఇంకా డబ్బాలోనే ఉంది. బిగించేముందు వెనక ఫ్లోర్ కింద, సబ్‌ఫ్రేమ్ బిగించే నాలుగు చోట్ల పగుళ్ళున్నాయేమో చూడాలి. ఈ46కి అదొక పాత జబ్బు, దానికి యాప్ లేదు. వచ్చే శనివారానికి లిఫ్ట్ బుక్ చేశా.